ల్యాంపు రూములో మొదటి క్లాసు

పాత బాయి ల్యాంపు రూముకు చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. ఆ బాయి మూతపడి చాలా ఏళ్ళయింది. దిగేవాళ్ళకు టోపీ దీపాలు ఇచ్చే గది ఒక్కటే మిగిలింది. పొద్దుగూకాక దాని ముందునుంచి పోతే లోపల ఎవరో కట్టెతో పైకప్పును తడుతున్నట్టు — టక్... టక్... — వినిపిస్తుందని అటు పోయినవాళ్ళు చెబుతారు. అటు పోనివాళ్ళు ఇంకా ఎక్కువ చెబుతారు.

అలాంటి గదికి యూనివర్సిటీ వాళ్ళు సున్నం వేయించి, ఎం.ఏ. చరిత్ర క్లాసురూం అన్నారు. చరిత్రకు అంతకన్నా తగిన చోటు దొరకదనుకున్నారేమో.

కొత్త విద్యాసంవత్సరం అనేదే ఒక వింత. సంవత్సరం కొత్తది, బెంచీలు పాతవి, పాఠం మరీ పాతది. అయినా మొదటిరోజు పొద్దున చెప్పేవాడికీ వినేవాడికీ కొత్త పెళ్ళికొడుకుల్లా గుండె దడదడమంటుంది. మా రోజుల్లో అయితే... సరే, మా రోజుల సంగతి ఇప్పుడెందుకు.

అనంతరామ్ ఆ కోర్సుకు ఉన్న ఒకే ఒక్క లెక్చరర్. మంథని మనిషి. తాతముత్తాతలు గుళ్ళో మంత్రాలు చదివితే, ఇతను శాసనాలు చదివాడు. గనిలోకి మాత్రం ఒక్కసారీ దిగి ఎరుగడు. అతనికి పైనుంచి కబురొచ్చింది — మొదటిరోజున పిల్లలు ఆ గదిలో కూర్చున్న ఫొటో పంపాలి. లేకపోతే కోర్సు ఎత్తేస్తారు. దాంతోపాటు అనంతరామ్‌ను కూడా.

పిల్లలు చేరారు. గడప మాత్రం తొక్కేది లేదన్నారు. అందరూ బాయి పనివాళ్ళ పిల్లలే.

"బయట వానల నిలవడి ఇంటం సార్. ఆ రూంల మాత్రం కూసోము," అంది యమున. వాళ్ళలో నోరున్న పిల్ల.

అనంతరామ్ కొబ్బరికాయ కొట్టించాడు. లాభం లేదు. ప్రిన్సిపాల్ వచ్చి దెయ్యాలు లేవని చాలాసేపు ఉపన్యసించాడు — గడప బయటే నిలబడి.

ఇక మొదటి క్లాసు రేపనగా, సాయంత్రం అనంతరామ్ తానే బయల్దేరాడు. లోపల ఏమీ లేదని కళ్ళారా చూసి చెబితే పిల్లలు వింటారని ఆశ.

మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. కరెంటు లేదు. వరండాలో అడుగు పెట్టాడో లేదో —

టక్.

ఆగాడు. గాలి అనుకున్నాడు.

టక్... టక్...

గాలి అంత పద్ధతిగా కొట్టదు.

గాయత్రి అందుకున్నాడు. సగంలో మరిచిపోయాడు. నోటికొచ్చినవి కాకతీయ రాజుల పేర్లు. వాటినే వరుసగా జపించడం మొదలుపెట్టాడు...

"ఎవరది?" చీకట్లోంచి గుసగుస. "టోపీ ఏది?"

"టో... టోపీయా?"

"ఉత్త నెత్తితోటి ఎట్లొస్తున్నవ్? ఎన్కకు జరుగు!"

మనిషి నుదురంత ఎత్తులో ఒంటికన్నులా ఒక దీపం భగ్గున వెలిగింది. అనంతరామ్ దానికి రెండు చేతులూ జోడించాడు.

"అరె, చరిత్ర సారా!" అంది దీపం. "నేను మొగిలిని. యమున తాతను."

మొగిలి గనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు పైకప్పును కట్టెతో తట్టి చూడటం సర్దారు పని. గట్టిగా మోగితే సరే, బోలుగా మోగితే మనుషులను వెనక్కి పంపుతాడు. చూశాక గోడమీద సుద్దతో తారీకు వేసి సంతకం పెడతాడు. ఆ సుద్దగీత లేనిదే ఎంతటి మొనగాడూ లోపలికి పోడు. మొగిలికి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కొడుకు పెళ్ళిలో పందిరిని తట్టి చూసి, అయ్యగారిని హోమంతో సహా పక్కకు జరిపించాడని చెప్పుకుంటారు.

"రేపు పిల్ల దిగుతది గద సారు," అన్నాడు. "చెకింగు లేకుంట ఎట్ల దింపుతరు మీ యూనివర్సిటోళ్ళు?"

అనంతరామ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ రోడ్డుదాకా నడిచారు. వెనక ఇంకా ఏదో టక్‌టక్‌మంటూనే ఉంది... రేకుల మీద చినుకులనుకున్నాడు.

మర్నాడు పిల్లలు గుమ్మం ముందు గుంపుగా నిలబడ్డారు. యమున మెడ చాచి లోపలికి చూసింది. నల్లబల్ల పక్కన గోడమీద సుద్దతో ఆనాటి తారీకు, కింద ఒక సంతకం.

"చెకింగైంది. నడువుండ్రి," అంది.

అంతే. కొబ్బరికాయకు కదలనివాళ్ళు, ఉపన్యాసానికి కదలనివాళ్ళు, సుద్దగీత చూసి బిలబిలమంటూ బెంచీల మీద కూర్చున్నారు. ఫొటో పోయింది. కోర్సు నిలబడింది.

సాయంత్రం అనంతరామ్ స్వీట్లు పట్టుకుని మొగిలి క్వార్టరుకు పోయాడు.

"నీ పుణ్యం కాకా! ఇన్నేండ్లసంది ఆ రూంల చప్పుడు నీదేనన్నమాట!"

మొగిలి సాసరులో చాయ్ ఊదుకుంటూ ఆగాడు. "నాదెందుకైతది సారు? పిల్ల చేరిందే ఈ ఏడు. నేనొచ్చింది నిన్న ఒక్కనాడే. అది గూడ వరండనే చూసిన. లోపలికి పోలె."

"మరి... లోపల సంతకం?"

"లోపల ఇంకో సర్దారు కొడ్తుండె గద. మీకు ఇనవడలేదా? ఒకని జాగల ఇంకొకడు ఏలు పెట్టద్దు. అది మా మర్యాద."

"ఎవరు కాకా... అతను?"

"ఎవలైతేంది సారు? పని మంచిగ చేస్తుండు."

అనంతరామ్ ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున గోడమీద కొత్త తారీకు, అదే సంతకం. రోజూ క్లాసు. కొలువు నిలబడితే మనిషికి అలవాటు కానిదంటూ ఉండదు. తొలి చాళుక్యుల దాకా పాఠం నడిచింది.

ఒకనాడు పొద్దున వచ్చేసరికి పిల్లలంతా వరండాలోనే ఉన్నారు. గోడమీద తారీకు పాతది. నిన్నటిది.

ఆరోజే పైనుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడు. అనంతరామ్ జేబు తడుముకున్నాడు. సుద్దముక్క తీసుకుని, "నేనే రాస్త, ఆగుండ్రి," అన్నాడు.

"మీకు సర్దారు సర్టిఫికెట్ ఉన్నదా సార్?" అంది యమున.

లేదు. పీహెచ్‌డీ ఉంది. అది ఇక్కడ చెల్లదు.

అతనికి ఇంకో భయం పట్టుకుంది... ఇన్నాళ్ళలో ఒక్కరోజూ తప్పనివాడు ఇవాళ ఎందుకు రాలేదు? పైకప్పులో ఏం చూసి పోయాడు? గడప మీద పెట్టిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. యమున ఫోను చేసి తాతను పిలిపించింది.

మొగిలి గొడుగేసుకుని నింపాదిగా వచ్చాడు. భుజం మీద ఎర్రజెండా. గోడవైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి సారు," అన్నాడు. "ఇయ్యాల బాయిలన్నీ సమ్మె. ఎవడు డ్యూటీకొస్తడు?"

గది లోపలికి ఒకసారి తల ఊపి, గొంతు తగ్గించాడు.

"రేపు ఫస్టు షిఫ్టుకొస్తడు."