అట్టగోడ మీద చెయ్యి

చౌటుప్పల్ దాటి హైవే దిగగానే ఒక కొత్త వెంచర్ ఉంది. అందులో మూలమలుపు మీది ఇంటి వైపు పొద్దు గుంకినాక ఎవరూ పోయేవాళ్లు కాదు. ఆటోవాళ్లు ఆ మలుపులో హారన్ కూడా కొట్టేవాళ్లు కాదు... అది లేస్తుందని.

మామూలుగా దెయ్యాలు పాత ఇళ్లను చూసుకుంటాయి. కూలిన మిద్దె, పాడుబడ్డ బావి, అట్లాంటివి. ఈ ఇంటికి ఇంకా గృహప్రవేశమే కాలేదు. యజమాని కంటే ముందే దెయ్యం దిగింది. మా దగ్గర జాగాల రేట్లు అట్లా ఉన్నాయి మరి, ఆలస్యం చేస్తే దానికి కూడా దొరకదు.

వెంచర్ ఎదురుగా చాయ్ హోటల్ నాది. ఈ సంగతి పెయింటర్ వెంకటేశ్ చెప్పగా విన్నదే. నేను కలిపింది చక్కెర ఒక్కటే.

ఇల్లు అమరేందర్‌ది. ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. ఎక్కడో చూసి వచ్చి, హాలుకూ పడకగదికీ నడుమ ఇటుక వద్దన్నాడు, జిప్సం బోర్డులతో గోడ నిలబెట్టించాడు. తడితే డొల్లగా మోగేది. మావాళ్లు దానికి వెంటనే అట్టగోడ అని పేరు పెట్టేశారు.

వెంకటేశ్ అప్పుడే స్ప్రే మిషన్ కొన్నాడు. పదిహేనేళ్లు బ్రష్షు పట్టిన చేతికి మిషన్‌తో అదే తొలి పని. గోడ బాగా కుదిరితే నలుగురూ పిలుస్తారు. చెడిపోతే పెయింటర్‌గా అతని పేరు అక్కడితో సరి. పాపం, ఆ గోడ మీద అతనికి అంత ఆశ ఉండేది.

మొదటిరోజే అమరేందర్‌కు చెప్పాడు.

"అన్నా, ముందుగాల ప్రైమర్ కొట్టాలె. లేకుంటే లోపలిదంతా పైకొస్తది."

"దాని మీద మల్ల రంగు కొడ్తవు గద?"

"కొడ్త."

"మరి గా ప్రైమర్ ఎవలకు కనబడ్తది?"

"ఎవలకు కనబడదన్నా."

"కనబడని దానికి ఖర్చెందుకు? సీదా రంగు కొట్టు."

పగలు హైవే దుమ్మంతా వచ్చి తడి గోడకు అంటుకుంటుందని వెంకటేశ్ రాత్రుళ్లు పని పెట్టుకున్నాడు. సోమవారం రాత్రి ఒక కోటు కొట్టాడు. గోడ మల్లెపువ్వులా వచ్చింది. మురిసిపోయి ఇంటికి పోయాడు.

తెల్లారి చూస్తే — ఛాతీ ఎత్తున ఒక ఎర్రటి మరక.

మంగళవారం రాత్రి దాని మీద మళ్లీ కొట్టాడు. తెల్లారేసరికి మరకకు వేళ్లు వచ్చాయి. ఐదు వేళ్లు... చిటికెన వేలు మాత్రం వంకర.

వాచ్‌మన్ గోపాల్ ధైర్యం చేసి గోడ మీద రెండు దెబ్బలు వేశాడు. లోపలి నుంచి డబ్... డబ్... అని బదులొచ్చింది.

"లోపల ఎవలో ఉన్నరు," అన్నాడు గోపాల్ గుసగుసగా.

డొల్ల గోడను కొడితే మోగక పాట పాడుతుందా అని ఒక్కరూ అడగలేదు. ఆ మాట మధ్యాహ్నానికల్లా బజారు చుట్టి, సాయంత్రానికి పెద్దదై నా హోటల్‌కు తిరిగొచ్చింది. వెంకటేశ్ మిషన్‌లోంచే దెయ్యం వస్తుందట. అతనికి పని ఇస్తామన్న ఇద్దరు ఫోన్ చేసి వద్దన్నారు. శుక్రవారం పొద్దున గృహప్రవేశం. అమరేందర్ తల్లి నర్సింగమ్మ, ఆ చెయ్యి ఉన్నంతవరకు గడప తొక్కేది లేదని కొడుకుతో తేల్చి చెప్పింది.

బుధవారం రాత్రి వెంకటేశ్ ఒక్కడే పోయాడు. ముక్కుకు మాస్కు, తల నుంచి పాదాల దాకా తెల్లటి తుంపర. మూడో కోటు కొట్టి, మంచినీళ్లకని బయటికొచ్చాడు. చీకట్లో ఆ తెల్లటి ఆకారాన్ని చూసి గోపాల్ వెనక్కి తిరిగి చూడకుండా నా హోటల్ దాకా ఉరికాడు. అప్పటిదాకా చెయ్యి ఒక్కటే ఉన్న దెయ్యానికి ఒళ్లు కూడా అమరింది.

వెంకటేశ్ లోపలికొచ్చి గోడ ముందు కూర్చున్నాడు. ఈసారి కళ్లతో చూడాలనుకున్నాడు.

రంగు ఆరుతోంది... ఏమీ లేదు.

గంట గడిచింది... ఏమీ లేదు.

ఆ తర్వాత, తెలుపు అడుగున ఏదో కదిలినట్టు ఒక గీత. ఇంకొకటి. వంకర వేలు... మెల్లమెల్లగా అరచెయ్యి. "నిజంగ భయపడ్డనన్నా, ఏడుపొచ్చింది," అని తర్వాత నాతో చెప్పాడు.

వెనక తలుపు కిర్రుమంది.

తలుపు సందులో ఒక చిన్న దీపం. దాని వెనక ఒక ముడతల ముఖం.

"అరవకు బిడ్డా... నేను, అమరేందర్ తల్లిని."

"అవ్వా... గీ రాత్రప్పుడు ఎందుకొచ్చినవు?"

"దిష్టి తీద్దామని. పగటీలి చేస్తె నా కొడుకు నామోషి అంటడు."

నర్సింగమ్మ గడప బయటే కూర్చుంది. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపింది. నీళ్లు పచ్చబడ్డాయి. కొంగు ముడి విప్పి చిటికెడు సున్నం తీసి వేసింది —

నీళ్లు ఎర్రబడ్డాయి.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా వెంకటేశ్ పళ్లెం వంక చూశాడు, గోడ వంక చూశాడు, మళ్లీ పళ్లెం వంక చూశాడు.

"అవ్వా, గీ గోడకు నువ్వేమన్న అద్దినవా?"

"బోర్డులు నిలవెట్టిన దినం పసుపు చెయ్యి అద్దిన. ఇటుక లేదు, మన్ను లేదు. కొత్తింట్ల ఉత్త అట్ట ఉండొద్దు గద. మల్ల మేస్త్రి వచ్చి దాని మీద పుట్టీ రుద్దిండు."

"గా పుట్టీల సున్నం కలిపిండా?"

"కలిపిండు, నా కండ్ల ముంగటనే. అయితేంది? నాది పచ్చటి చెయ్యి బిడ్డా. గిది నెత్తురోలె ఉన్నది."

వెంకటేశ్ లేచి గడప దగ్గరికి వచ్చాడు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని దీపం దగ్గరికి తెచ్చాడు. చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు విసుర్రాయి కింద పడి విరిగిన వేలట.

ముసలమ్మ తన వేలును చూసుకుంది, గోడ మీది వేలును చూసింది.

"నా చెయ్యికి నేనే భయపడ్డనా," అని సిగ్గుపడింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పళ్లెంలో నీళ్లు ఒలికేదాకా నవ్వింది.

దెయ్యం దొరికింది కానీ గోడ మాత్రం అట్లాగే ఉంది. రంగు తడికి పసుపు, సున్నం కలిసి పైకి తేలుతున్నాయి, ఇప్పటికైనా ప్రైమర్ కొడితేనే అది ఆగుతుంది. అమరేందర్ ఒప్పుకోడు. చేసిన తప్పును ఒప్పుకున్న చరిత్ర ఆ వెంచర్‌లో ఎవరికీ లేదు.

"నేను జూసుకుంట. నువ్వు నోరు మెదపకు," అంది నర్సింగమ్మ.

గురువారం పొద్దున్నే కొడుకును గోడ ముందు నిలబెట్టి, చెవిలో చెప్పింది.

"నాయినా, పెయింటాయన కాడ దెయ్యానికి మందున్నదట. తెల్లగుంటది. కొడితే మల్ల లేవదట."

అమరేందర్ ఎంత అని కూడా అడగలేదు.

"ఒక్కటేంది, రెండు కోట్లు కొట్టు వెంకటేశ్. ఎనక ముంగట సూడకు."

వెంకటేశ్ ముఖం గోడవైపు తిప్పుకుని మిషన్‌లో ప్రైమర్ పోశాడు.

శుక్రవారం నర్సింగమ్మ అందరికంటే ముందు గడప దాటింది. పసుపు గిన్నె పట్టుకుని నేరుగా అట్టగోడ దిక్కే పోతుంటే వెంకటేశ్ అడ్డం వచ్చి, "గడపకు పెట్టు అవ్వా, నీ కాల్మొక్త," అన్నాడు.

అసలు సంగతి వెంకటేశ్ నాకు చెప్పాడు, నేను నలుగురికి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పసుపు, సున్నం అంటే కథలో పస లేదన్నారు. కానీ ఆ మందు సంగతి మాత్రం ఆత్మకూర్ దాకా పోయింది. పదిహేనేళ్లు వెంకటేశ్ బతిమాలినా ప్రైమర్ వేయించుకోని వాళ్లంతా ఇప్పుడు, "ముందుగాల గా దెయ్యం కోటు కొట్టు," అని వాళ్లే అడుగుతున్నారు. అతనికి నెల దాకా తీరిక లేదు.

మొన్న నా హోటల్‌కు కూడా రంగు వేయించాను. నాకు అంతా తెలుసు కదా, అందుకని ప్రైమర్ ఒక్క కోటు చాలన్నాను. ఒక్క కోటు కాగానే అతను ప్రైమర్ డబ్బా మూత బిగిస్తుంటే, గిన్నెలు తోముతున్న నా భార్య నా వంక చూసింది.

"సరే, రెండు కొట్టు వెంకటేశ్," అన్నాను మెల్లగా.