మూడో పిడికెడు

బేస్తవారిపేట దాటి గిద్దలూరు దిక్కు పోతుంటే ఎడమ పక్కన మా చర్చి సంఘం వాళ్ళ సమాధుల దొడ్డి ఉండేది. ఇప్పుడు లేదు. దాని మీద నాలుగు వరసల రోడ్డు వేసినారు. అవతల పక్క ఒక టీ బంకు ఉంది. పొద్దున, మాపటేళ నేను ఆ బంకు బల్ల మీద కూచుంటా. టీ కోసం కాదు. ఆ టీ కడుగునీళ్ళ లాగుంటుంది, పదిమార్లు చెప్పినా వాడు మార్చుకోలేదు. అక్కడ కూచుంటే మా అక్క పడుకున్న చోటు కనిపిస్తుంది. అందుకు.

మా అక్క ఏసమ్మ. మొగుడు చిన్నప్పుడే పోయినాడు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి బతికింది. ఎడమ చేతి చిటికెనవేలును ఆ మిషను తినింది. అయినా మానలేదు. చాలకపోతే ఇంటికి కూడా పలకలు తెచ్చుకుని, రాత్రిళ్ళు దీపం ముందర కూచుని అంచులు నూరుతుండేది. గర్ర్... గర్ర్... అని. ఆమె పక్కన నిలబడితే ఆ బూడిద రంగు పలక పొడి వాసన వచ్చేది, తడిగుడ్డతో పలక తుడిస్తే వస్తుందే, ఆ వాసన. ఆ చేతులతోనే ఒక్కగానొక్క కొడుకును ఇంజనీరును చేసింది. వాడే ప్రభాకరరావు. రాష్ట్రం మొత్తం మీద వేస్తున్న పెద్ద రోడ్లకంతా వాడే పైవాడు. విజయవాడలో ఆఫీసు. వాడు గీత గీస్తే కొండ పగలాల, కొంపలు లేవాల.

మాలో ఒక పద్ధతి ఉంది. మనిషిని గుంతలో దించి పాస్టరు గారు ప్రార్థన చేసినాక, కొడుకు మూడు పిడికిళ్ళ మన్ను వేస్తాడు. వాడు వేసినాకనే మిగతా వాళ్ళు. మూడూ పడితేనే ఆ మనిషికి ఈ లోకంతో పని తీరినట్టు. మా ఊళ్ళో సాగనంపే పనులన్నీ నా చేతుల మీదనే జరుగుతాయి. కూలోడి ఇంట్లో గానీ, గొర్రెలోడి ఇంట్లో గానీ ఇది తప్పనిచ్చింది లేదు. నా తోడబుట్టిన దాని దగ్గరనే తప్పింది.

అక్క పోయిన రోజు వాడు ఏదో మీటింగులో ఉన్నాడు. ఎండాకాలం. వస్తాడు వస్తాడని పొద్దుగూకే దాకా ఆపినా. ఇంక ఆగక పూడ్చినాము. చీకటి పడినాక వచ్చి, కారు దగ్గరనే నిలబడి ఏడ్చినాడు. రారా, మన్ను వెయ్యి అంటే, పూడ్చేసినారు కదా మామా అన్నాడు. ఎక్కి పోయినాడు.

తరవాత వాడు గీసిన రోడ్డే సమాధుల మీదికి వచ్చింది. ఊరు ఒప్పుకోలేదు. అప్పుడు వాడు కబురు పంపినాడు: ముందు మా అమ్మ సమాధినే తీయండి, తనవాళ్ళ సమాధి మాత్రం ముట్టుకోలేదని ఎవరూ అనకూడదు. పేపర్లలో వేసినారు, ఎంత గొప్ప ఆఫీసరో అని. తల్లి ఎముకలతో పేరు తెచ్చుకున్నాడు. సరే, కొత్త గుంత దగ్గరికైనా వస్తాడులే అనుకున్నా. దానికీ రాలేదు. ఎముకలను పెట్టెలో పెట్టి చెరువు వెనకాలకు మార్చినారు. నువ్వు వెయ్యి పెద్దాయనా అన్నారు నన్ను. కొడుకు బతికుండగా నేను వెయ్యను అన్నా. కంట్రాక్టరు మనుషులు మిషనుతో తోసి పూడ్చినారు.

మా అక్కను రెండు మార్లు పూడ్చినారు. రెండు మార్లూ కొడుకు చెయ్యి పడలేదు.

ఆమె కొత్త చోట ఉండలేదు.

పాత చోట తారు వేసిన మర్నాడే రోడ్డు కుంగింది. మనిషి పడుకున్నంత పొడుగు. మేము పడుకోబెట్టినట్టే, కాళ్ళు తూర్పుకు. అక్కడ పని చూసే ఇంజనీరు మహేంద్ర తారు లేపించి, గ్రావెలు పోయించి, రోలరు తిప్పించి మళ్ళీ వేయించినాడు. తెల్లారేసరికి మళ్ళీ అదే పల్లం. టిప్పర్లకు టిప్పర్లు పోసినారు. మింగింది. కింద నీటి ఊట ఉందేమోనని తవ్వి చూసినారు. బోర్లు వేస్తేనే దుమ్ము లేచే నేల మాది, ఊట యాడ నుంచి వస్తుంది?

ఒకనాడు మహేంద్ర బంకు దగ్గరికి వచ్చి, ఏంది తాతా, మీ అక్కకు మా మీద కోపమా అని ఎగతాళి చేసినాడు. మీ మీద కాదు నాయనా, మీ సారు మీద అన్నా. ఆయన టీ సగంలో పెట్టి లేచిపోయినాడు.

మంత్రి వచ్చి రోడ్డు తెరిచే రోజు దగ్గర పడింది. ప్రభాకరరావు వచ్చి మార్కాపురం గెస్ట్ హౌసులో దిగినాడు. మధ్యాహ్నం పల్లం చూడ్డానికి వస్తానన్నవాడు దీపాలు పెట్టే వేళకు వచ్చినాడు. మాట మీద ఎప్పుడు నిలబడినాడు గనక. కారు నడిపే బెన్నీ మా సంఘం మనిషే. తలుపు తీసి, నన్ను చూసి తల వంచుకున్నాడు.

బాగున్నావా మామా అన్నాడు ప్రభాకరరావు.

"నా సంగతి తరవాత. మీ అమ్మ బాగలేదు."

వినపడనట్టు తిరిగినాడు. జనరేటరు లైట్ల కింద పల్లం చుట్టూ నడిచినాడు. రాత్రికి లోతుగా తవ్వి సిమెంటు కాంక్రీటు నింపమని మహేంద్రకు చెప్పినాడు. నేను రోడ్డు దాటి పోయి ఎదురుగా నిలబడినా. ఎన్ని బండ్లు పోసినా నిండదు, దానికి కావాల్సింది నీ మూడు పిడికిళ్ళు అన్నా. వాడు దగ్గరికి వచ్చి, పళ్ళు కొరుకుతా, పనోళ్ళ ముందర పరువు తీయొద్దు మామా అన్నాడు.

"తల్లికి పిడికెడు మన్ను వెయ్యడానికి తీరిక లేనోడికి పరువు ఏందిరా?"

అప్పుడు జనరేటరు ఆగిపోయింది.

కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. అవతల కంపచెట్లలో కీచురాళ్ళు అరుస్తున్నవి, అవి కూడా ఆగిపోయినాయి. కాగిన తారు వాసన ముక్కులో నుంచి మెల్లగా పోయింది. దాని బదులు ఇంకొక వాసన వచ్చింది. చల్లగా. తడి పలక వాసన.

గర్ర్...

ఎవరూ కదలలేదు.

గర్ర్... గర్ర్...

పైన కాదు. కింద నుంచి. మా కాళ్ళ కింద నుంచి.

"మామా... ఏంది అది?"

"నీకు తెలియదా? ఆ చప్పుడు వినుకుంటానే గదరా నిద్రపోయేవాడివి."

వాడి ఊపిరి నాకు వినపడతా ఉంది. మోకాళ్ళ మీద కూలబడినాడు. పక్కన కుప్ప పోసిన ఎర్రమన్ను తడుముకుని పిడికెడు తీసుకున్నాడు. వేసినాడు. గర్ర్ మనే చప్పుడు నిదానించింది. రెండోది వేసినాడు. చప్పుడు ఆగింది. మూడోది పిడికిట్లో పట్టుకుని చెయ్యి చాపినాడు...

ఫోను మోగింది.

ఆ వెలుతురులో వాడి ముఖం చూసినా. చెంపల మీద నీళ్ళు. ఫోనులో పేరు చూసినాడు. పిడికిలి విప్పినాడు. మన్ను పల్లంలో పడలేదు, పక్కన పడింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, సార్, సార్, అయిపోతుంది సార్ అనుకుంటా కారు దిక్కు పోయినాడు. మూడోది వెయ్యిరా అని అరిచినా. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి చూపించినాడు, నన్నేదో బిచ్చగాణ్ణి ఆపినట్టు. ఇంతలో జనరేటరు మళ్ళీ పట్టుకుంది. వెలుతురు రాగానే వాడు మళ్ళీ ఆఫీసరు అయిపోయినాడు. పొద్దున్నే వచ్చి వేస్తా మామా, అందాక కాంక్రీటు ఆపమంటా అని చెప్పి పోయినాడు.

కారు మలుపు తిరిగింది. అప్పుడు నా కాళ్ళ కింద ధప్ మని ఒక చప్పుడు. పిడికెడు మన్ను పడిన చప్పుడు. పైన వేసేటోళ్ళు ఎవరూ లేరు. కిందనే ఎవరో వేసినారు... ఎవరి మీదనో.

పొద్దున బెన్నీ ఫోను చేసినాడు. సారు దిండు మీద మన్ను ముద్ద ఉంది తాతా, పిడికిట్లో పట్టి నొక్కినట్టుంది, కిటికీలన్నీ మూసే ఉన్నాయి అన్నాడు. ఏం రంగు అని అడిగినా. బూడిద రంగు అన్నాడు. మా ఊరి మన్ను ఎర్రది.

"వేళ్ళ జాడలు ఉన్నాయా?"

వాడు పోయి చూసి వచ్చినాడు.

"మూడే ఉన్నాయి తాతా. చిటికెనవేలు జాడ లేదు."

మీ సారును తోడుకోని రా అన్నా. సారు ఊడ్చేటామెను తిట్టి, మంత్రి ఏర్పాట్లు చూడ్డానికి పోయినాడంట.

మర్నాడు రెండో ముద్ద వచ్చింది. దిండు మీద కాదు. పడుకున్నోడి రొమ్ము మీద. ఈ మారు ప్రభాకరరావే ఫోను చేసినాడు.

"మామా... పల్లం పూడ్చనీయొద్దు. రేపు తెల్లారకముందే వచ్చి వేస్తా."

"ఇప్పుడే రా."

"రివ్యూ ఉంది మామా. అందరూ వచ్చి కూచున్నారు."

నేను ఫోను పెట్టేసినా. బతిమాలడం నాకు చేతగాదు. అక్క బతిమాలింది వాణ్ణి, బతికినన్నాళ్ళూ. ఒక్కమారు వచ్చిపోరా అని.

మర్నాడు కోడి కూయకముందే పోయి రోడ్డు పక్కన నిలబడినా. మార్కాపురం దిక్కు నుంచి ఒక్క బండి రాలేదు. తూర్పు కొంచెం తెల్లబడింది. అప్పుడు బెన్నీ ఫోను. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"తాతా... సారు తలుపు తీయడం లేదు. లోపల గడియ పెట్టుంది. లోపల..."

"లోపల ఏంది?"

"ఏదో నూరుతున్నట్టు చప్పుడు."

ఫోను చెవికి పెట్టుకునే పల్లం దగ్గరికి నడిచినా. టార్చి వేసినా.

పల్లం లేదు.

రోడ్డు చదునుగా, నున్నగా, ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసినట్టుంది. రాత్రి పనోళ్ళు ఎవరూ రాలేదు, మహేంద్ర నా మాట విని ఆపించినాడు. ప్రభాకరరావుకు కావాల్సింది ఇదే గదా, చదునైన రోడ్డు. వంగి చెయ్యి పెట్టి చూసినా. వాసన చూసినా. ఒట్టి తారు వాసన. పలక పొడి వాసన లేదు.

మా అక్క అక్కడ లేదు.

ఫోనులో ఆ నూరుడు నాకు కూడా వినపడతా ఉంది. గర్ర్... గర్ర్... నిదానించింది. ఆగింది. తలుపు పగలగొట్టు బెన్నీ అన్నా.

తరవాత, తలుపుకు అవతల...

ధప్.