తిరిగొచ్చిన డబ్బా

లాతూరులో పొద్దున్న ఏడయ్యేసరికి మాలన్‌బాయి పెనం మీద నాలుగో జొన్నరొట్టె పొంగింది. కొడుకు పరాగ్‌కు వేడి రొట్టె నేరుగా కంచంలో పడితే తప్ప ముద్ద దిగదు. ఊరంతా అతన్ని పరాగ్ సర్ అంటుంది. అతని వ్యక్తిత్వ వికాస శిబిరంలో చేరితే జీవితమే మారిపోతుందని ప్రతి గోడ మీదా పోస్టరే. ఇంట్లో మాత్రం పచ్చిమిరప తొక్కులో ఉప్పు తగ్గిందని పేచీ పెట్టే పిల్లాడే.

"ఆయీ, ఇంకో రొట్టె!"

"వస్తోందిరా. ఉపన్యాసం మొదలెట్టకు."

అప్పుడే గుమ్మంలో ఒకావిడ నిలబడితే, మాలన్‌బాయి చేతిలో పిండిముద్దతోనే అటు వెళ్ళింది. నలిగిన నూలుచీర, చేతిలో గుడ్డలో కట్టిన స్టీలు డబ్బా. పేరు వత్సల, ఊరు నిలంగా పక్క పల్లె అని చెప్పింది.

"సర్ వాళ్ళమ్మగారు మీరేనా అక్కా? మా పూర్వ ఇక్కడ హాస్టల్లో ఉండి డాక్టరు పరీక్షకు చదువుతోంది. రోజూ పొద్దున్నే ఎర్రబస్సు కండక్టరు చేతికి దాని డబ్బా ఇస్తాను. పది రోజులుగా మూత తీయకుండా వెనక్కొస్తోంది. ఫోనెత్తదు. హాస్టల్లోనూ సరిగా తినడం లేదట, నిన్న క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇవాళ తొలి బస్సుకే పరిగెత్తుకొస్తే నా ముఖం మీదే తలుపేసింది."

"ఎందుకట?"

"ఇరవై ఒక్క రోజులు ఇంటి తిండి, ఇంటి మాట ముట్టకూడదని శిబిరంలో సర్ చెప్పారట. తల్లి చేతి ముద్ద మనిషిని పిరికిగా చేస్తుందట. వాళ్ళమ్మ కంచం లాక్కుని గెంటేస్తే, సర్ మంచినీళ్ళు తాగి చదివే ఇంతవారయ్యారట కదా..." అనేసి వత్సల నాలిక కరుచుకుంది.

మాలన్‌బాయి చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది. వానొచ్చినా జ్వరమొచ్చినా చీకటితోనే లేచి, పరాగ్ చదువుకునేటప్పుడు ఆరున్నర బస్సుకు తను డబ్బా అందించిన నాలుగేళ్ళూ గుర్తొచ్చాయి. పిండిముద్ద పళ్ళెంలో పడేసింది. లోపలికెళ్ళి కొడుకు ముందున్న కంచం తీసేసింది.

"ఇదేంటాయీ?"

"నీ కంచం లాక్కున్నానటగా. చేయని పనికి ఊరికే నిందెందుకు మోయాలి? ఇవాళ చేస్తున్నా."

పరాగ్ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది కథ ఆయీ. దెబ్బతిన్నవాడి మాటే జనం వింటారు. కడుపునిండా తిని చదివానంటే ఎవరొస్తారు?"

"నీకిది కథ. అక్కడ పిల్ల పస్తులుంటోంది."

"తిండి మానెయ్యమని నేను చెప్పలేదే!"

"నీళ్ళు తాగి గెలిచానన్నావు, వాళ్ళూ నీళ్ళే తాగుతున్నారు. నువ్వు మాత్రం నాలుగు రొట్టెలు లాగించి బయల్దేరతావు. సిగ్గు లేదట్రా?"

"ఇప్పుడు నిజం చెబితే నా పరువేం కాను?"

"మళ్ళీ సంపాదించుకో. తెలివైనవాడివి, కన్నదాన్ని నాకు తెలీదా?"

పది గంటలకు శిబిరం హాలు నిండిపోయింది. పరాగ్ మైకు అందుకున్నాడు. పెదవుల మీద ఎప్పటి చిరునవ్వే, నోట ఎప్పటి మాటే. "ఆ రోజు మా అమ్మ..." అంటూ ఆగిపోయాడు. ముందు వరసలో మాలన్‌బాయి కూర్చుని ఉంది. పక్కన వత్సల, ఆమె ఒళ్ళో మూత తీయని డబ్బా.

"అదిగో, మా అమ్మ," అన్నాడు ఆమె వైపు చెయ్యి చూపి. "నన్నెప్పుడూ గెంటలేదు. నాలుగేళ్ళు ఆరున్నర బస్సులో నాకు డబ్బా పంపింది. ఓసారి బస్సు చెడిపోతే ఎనిమిది కిలోమీటర్లు నడిచి తెచ్చింది. నేను మీకు చెప్పింది అబద్ధం. ఆకలంటే ఏంటో నాకు తెలీదు."

హాలు భగ్గుమంది. "మీ మాట నమ్మి పదిహేను రోజులుగా మా నాన్నతో మాట్లాడలేదు!" అని ఎవరో అరిచారు. పరాగ్ మైకు కింద పెట్టేశాడు. తల దించుకుని నిలబడ్డాడు.

వెనక నుంచి పూర్వ గోడ పట్టుకుంటూ వచ్చింది. పిల్ల సగమైపోయింది. తల్లి ముఖం చూడలేక డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఇవాళ్టిదేనా అమ్మా?"

"ఇవాళ్టిదే. రోజూ వేడివేడిగా ఏ రోజుది ఆ రోజే పంపానే తల్లీ," అంటూ వత్సల బావురుమంది. పూర్వ ఆమె ఒళ్ళో తల పెట్టేసింది.

మాలన్‌బాయి కళ్ళు తుడుచుకుని వేదిక దగ్గరికి నడిచింది. కొడుకు కళ్ళలోనూ నీళ్ళే. "ఏడుపు తర్వాత. ముందు ఈ పిల్లలందరి చేతా ఇళ్ళకు ఫోన్లు చేయించు," అంది. "ఆఖరి పిల్ల మాట్లాడేశాక ఇంటికి రా. నీ కంచం వేసి ఉంచుతాను."