దుప్పటి కప్పిన మేనమామ

శ్రీకాకుళం ఆసుపత్రిలో చల్లటి పరుపు మీద, ఒంటి మీద గుడ్డ లేకుండా పడుకున్న, అప్పుడే పుట్టిన మేనకోడలిని చూసి ధర్మేంద్ర గుండె ఆగినంత పనైంది. అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న దుప్పటి గబుక్కున కప్పేశాడు.

మరుక్షణం ఎవరో దాన్ని లాగేశారు. మాస్కు పైన రెండు కోపం కళ్ళు.

"ఎవరండీ మిమ్మల్ని లోపలికి రానిచ్చింది?"

"మేనమామనండీ. కోడిపిల్లకైనా బల్బు పెడతాం. మీరేటి, పసిగుడ్డుని ఐసులో పెట్టీసినారు?"

ఆమె డాక్టర్ ఝాన్సీ. బొబ్బిలి అమ్మాయి. ఓపిగ్గా చెప్పింది. పాప పుట్టగానే ఏడవలేదు. మెదడుకి ఆక్సిజన్ అందలేదు. మూడు రోజులు ఇలా చల్లగా ఉంచితే ఆ దెబ్బ ముదరకుండా ఆగవచ్చు. ఇలాంటి పిల్లలు తర్వాత ఎలా నడుస్తారో, ఎలా మాట్లాడతారో తెలుసుకోవడమే ఆమె రీసెర్చ్.

"ఇంతకీ మీరేం చేస్తారు?"

"కళింగపట్నంలో సైన్సు మాస్టర్నండీ," అన్నాడు తల దించుకుని.

కోపం కళ్ళు నవ్వాయి.

పాప బతికింది. ఇంటికి పంపేటప్పుడు ఝాన్సీ ఒకటే అడిగింది. "ఏడాదిన్నర వచ్చేదాకా పాపని చూపిస్తూ ఉండండి. ఇక్కడ బతికిన పిల్లల్లో చాలామంది మళ్ళీ రారు. వీళ్ళ సంగతి తెలియకపోతే రేపు పుట్టేవాళ్ళ అమ్మలకి నేనేం చెప్పను?"

తెస్తానని మాటిచ్చాడు ధర్మేంద్ర. అక్క యమునతో కలిసి పాపని బస్సులో శ్రీకాకుళం తెచ్చేవాడు. మెడ నిలబెట్టిందని ఒకసారి, బోర్లా పడిందని ఒకసారి. దుప్పటి తెచ్చారా మాస్టారూ అని ఝాన్సీ ప్రతిసారీ ఏడిపించేది. ఒకనాడు వానలో అక్కకీ పాపకీ ఝాన్సీకీ గొడుగు పట్టి తను మాత్రం పూర్తిగా తడిశాడు. మీకే చల్లబరిచే వైద్యం జరుగుతోందని ఆమె నవ్వింది.

తర్వాత యమున కోటబొమ్మాళిలో అత్తవారింటికి వెళ్ళిపోయింది. అత్త అసిరమ్మ పాపని పంపనంది. తలకి టెస్టులంటే పిల్లకి మతి లేదనుకుంటారని ఆమె భయం.

"మన పాప కూడా రాని పిల్లల్లో కలిసిపోయింది మాస్టారూ," అంది ఝాన్సీ ఫోనులో. ఆ గొంతులో దిగులు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

ఏడాదిన్నర నిండేసరికి పాపకి చెవులు కుట్టే రోజు వచ్చింది. కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళోనే కూర్చోవాలి. అందరూ వచ్చారు. ధర్మేంద్ర మాత్రం పీట మీద కూర్చోలేదు. ముందు పాపని డాక్టరుకి చూపిస్తేనే కూర్చుంటానన్నాడు.

అసిరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కంసాలి సూది పట్టుకుని కూకున్నాడు. ఇప్పుడేటిరా ఈ పేచీ? నీకు పిల్ల మీద బెంగా, ఆ డాక్టరమ్మ మీదా?"

"రెండూను," అన్నాడు.

పందిరంతా గొల్లున నవ్వింది. అసిరమ్మ నవ్వాపుకోలేక, చెవులు కుట్టడం వాయిదా వేసి, ఆ డాక్టరమ్మని తానూ చూస్తానంది.

మర్నాడు ఆసుపత్రిలో పాప నడిచింది, ఆడుకునే చెక్క దిమ్మ మీద దిమ్మ పెట్టింది. ఇక మాటలు మిగిలాయి. ఎంత బుజ్జగించినా నోరు విప్పలేదు. ఝాన్సీ కలం ఆగిపోయింది. అసిరమ్మ కొంగు నలిపేస్తోంది.

పాప ఝాన్సీ వైపు చెయ్యి చాపింది.

"అత్త."

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఝాన్సీ కళ్ళు తుడుచుకుని ధర్మేంద్ర వైపు తిరిగింది. "ఈ మాట ఎవరు నేర్పారు?"

అతను ఫ్యాను వైపు చూశాడు.

"మా కొడుక్కి అక్కసెల్లెళ్ళు లేరమ్మా," అంది అసిరమ్మ. "ఈ మావని కట్టుకున్నదే దానికి అత్త."

ఝాన్సీ మళ్ళీ కలం అందుకుంది. తర్వాత మాస్కు కిందకి దించింది.

"పాప సరిగ్గానే చెప్పిందని రాస్తున్నాను," అంది మెల్లగా. "చెవులు కుట్టేరోజు మేనమామ పక్కన నాకూ ఒక పీట వెయ్యండి."