మూడుసార్లు బ్రేకు

మాన్ ఊరు దాటి అకబా రేవు వైపు పోయేవాళ్లకి, కనుమ దిగే చోట, మూసేసిన టీకొట్టు ఒకటి కనిపిస్తుంది. పగలు చూస్తే ఏమీ లేదు. సగం ఊడిన రేకు, రెండు గోడలు, విరిగిన బల్ల. చీకటి పడ్డాక మాత్రం అక్కడ ఏ డ్రైవరూ బండి ఆపడు. టైరు పగిలినా సరే, రిమ్ము మీదే దిగువకి ఈడ్చుకుపోతాడు.

అక్కడ ఒక మనిషి నిలబడి ఉంటాడంటారు... ఎవరో వస్తారని చూస్తున్నట్టు, రోడ్డుకేసి.

ఆ మనిషి పేరు అవ్వాద్. నాలుగేళ్ల కిందట ఫాస్ఫేటు లారీ తోలుకొస్తూ ఆ కొట్టు ముందు ఆగాడు. బ్రేకు మెత్తగా తగులుతోందని అనుమానం. తమ్ముడు మిత్లక్‌కి బ్రేకుల పని బాగా తెలుసు, పైగా ఆ రాత్రి మాన్‌లోనే, అందరూ కలిసుండే ఇంట్లోనే ఉన్నాడు. అవ్వాద్ ఫోన్ చేశాడు. ఎవరూ రాలేదు. గంటసేపు చూసి, సరుకు ఆలస్యమవుతోందని దిగడం మొదలుపెట్టాడు... మూడో మలుపు దాటలేదు.

నిద్రలో ఉన్నాను, ఫోన్ వినపడలేదు అని మిత్లక్ అందరికీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు. నిజానికి అతను మేలుకునే ఉన్నాడు. రెండు రోజులు వరసగా బండి తోలి వచ్చి, ముందు గదిలో అప్పుడే నడుం వాల్చాడు. ఫోన్ మీద అన్న పేరు చూశాడు. కట్ చేశాడు. పొద్దున మాట్లాడదాంలే అనుకున్నాడు.

ఆ తర్వాత ఆ కనుమలో ఒక ఆచారం పుట్టింది. కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు ప్రతి డ్రైవరూ మూడుసార్లు బ్రేకు నొక్కుతాడు. 'మాది పనిచేస్తోంది అన్నా, నెమ్మదిగానే పోతున్నాం' అని చచ్చినవాడికి చెప్పడం. సలామూ అవుతుంది, బ్రేకు పరీక్షా అవుతుంది. ఎవడు మొదలుపెట్టాడో తెలియదు గాని, బుద్ధున్నవాడే.

మిత్లక్ అమ్మాన్ నుంచి అకబాకి ఏడుగురిని ఎక్కించుకుపోయే బండి తోలుతాడు. దానికి కొత్తగా రంగు వేయించి, ఆ మురిపెంలో కంప్యూటర్ కూడా పెట్టించుకున్నాడు. పెట్టించుకోవడమేమిటి, తనే బిగించాడు. సీటు కింద పెట్టె, డాష్‌బోర్డు మధ్యలో తెర, దాని మీద దారంతా ఈజిప్టు సినిమాలు. స్టాండులో తోటివాళ్లు ఏడిపించేవారు, వీడి బండి ఎక్కితే అకబా వచ్చినా జనం దిగరురా అని.

కొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సినిమా ఆపేసేవాడు. అన్న చచ్చిన చోట ఆటాపాటా ఏమిటని. తెర నల్లబడేది. బండిలో మాట ఉండేది కాదు.

కంప్యూటర్ పెట్టాక మొదటి రాత్రి... అలాగే సినిమా ఆపి, బ్రేకు నొక్కాడు.

నల్లటి తెరలో, అట్టడుగున, బూడిదరంగు నీడ ఒకటి కదిలింది. మెల్లగా పైకి లేచింది — కూర్చున్న మనిషి లేచి నిలబడినట్టు. స్పీకర్లలోంచి సన్నగా, గొంతు విప్పకుండా, 'ఊఁ...' అని వినిపించింది.

రెండోసారి నొక్కాడు. మళ్లీ లేచింది. 'ఊఁ...'

మూడోసారి... మళ్లీ.

అకబా చేరేదాకా మిత్లక్ ఒక చేత్తో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. భయం కాదది, ఏడుపు.

ఆ రోజు నుంచి ఏడు నెలలు పగటి ట్రిప్పు ఒక్కటీ ఒప్పుకోలేదు. అన్నీ రాత్రివే. కళ్లు లోతుకు పోయాయి, తింటున్న రొట్టె చేతిలోనే ఉండగా కునుకు పట్టేది. ఒకసారి ఓ ముసలావిడ ఆ నీడ చూసి, దిగేదాకా ఖురాన్ ఆయతులు చదువుతూనే ఉంది. ఇంకోసారి ఇద్దరు కుర్రాళ్లు సగం దారిలో దిగిపోయారు. అతనికి పట్టలేదు. అన్న పలుకుతున్నాడు, అది చాలు.

అయినా చాలలేదు. ఒక రాత్రి ధైర్యం చేసి, మనసులోనే అడిగాడు — నా మీద కోపమా అన్నా? బ్రేకు నొక్కాడు. 'ఊఁ...' అంది బండి. కోపమనా, కాదనా? ఆ ఒక్క సంగతి తేలక మనిషి సగమైపోయాడు.

ఇలా ఉండగా ఒక రాత్రి బెడ్రోస్ మేస్త్రీ ముందు సీట్లో ఎక్కాడు. అమ్మాన్‌లో మోటారు కరెంటు పనిలో తలపండిన ఆర్మీనియన్. కొట్టు దగ్గర మూడు నీడలూ చూశాడు, మూడు ఊఁలూ విన్నాడు. వెనకాల ఆరుగురూ బిస్మిల్లా అంటుంటే ఈయన మాత్రం గడ్డం గోక్కున్నాడు.

కనుమ దిగి, కువైరా ఊరి దగ్గర చదును రోడ్డు మీదికి వచ్చాక మెల్లగా అన్నాడు.

"సినిమా ఆపు నాయనా."

"ఇక్కడెందుకు మేస్త్రీ?"

"ఆపు. ఇప్పుడు బ్రేకు నొక్కు."

మిత్లక్ నొక్కాడు.

నీడ లేచింది. 'ఊఁ...'

కొట్టు లేదు, కనుమ లేదు. పక్కన పెట్రోలు బంకు, దాని ముందు నిద్రపోతున్న కుక్క. అక్కడా లేచింది.

మేస్త్రీ బండి పక్కకి ఆపించి, చిన్న టార్చి పళ్లతో పట్టుకుని సీటు కిందికి దూరాడు. ఎర్త్ వైరు రంగు మీదే బిగించావేమిటయ్యా అని అడిగాడు. కొత్త రంగు గీకడానికి మనసొప్పలేదన్నాడు మిత్లక్. బ్రేకు దీపాల ఎర్త్ కూడా అదే బోల్టుకి ఉంది. రంగు అడ్డుపడి, వాటి కరెంటుకి బండి ఇనుములోకి పోయే దారి లేక నీ తెర వైరులోకి దూరుతోంది, ఆ నీడా ఆ మూలుగూ అదే అన్నాడు మేస్త్రీ. సినిమా ఆడుతుంటే బొమ్మలో నీడ కలిసిపోతుంది, పాటలో మూలుగు కలిసిపోతుంది. తెర నల్లగా పెట్టి చూసేది ఆ ఒక్క చోటే కాబట్టి, దెయ్యం ఆ ఒక్క చోటే కనబడింది.

చాకుతో రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిశాక వైరు బిగించాడు. పావుగంట పని. టీ కూడా వద్దన్నాడు పాపం, మేలు చేశాననుకున్నాడు.

మిత్లక్ థాంక్స్ చెప్పాడు. అకబా దాకా సినిమా మళ్లీ పెట్టలేదు.

మర్నాటి రాత్రి మళ్లీ కనుమ. కొట్టు కనిపించింది. సినిమా ఆపాడు. బ్రేకు నొక్కాడు... తెర నల్లగానే ఉంది. రెండోసారి... ఏమీ లేదు. మూడోసారి నొక్కిన కాలు అలాగే ఉంచేశాడు. బండి ఆగిపోయింది.

నాలుగేళ్లలో ఆ కొట్టు ముందు రాత్రిపూట ఆగిన మొదటి బండి అదే.

"మిత్లక్... ఏంటిది, పోనీ," అన్నారెవరో వెనక నుంచి, గుసగుసగా.

అతను దిగాడు. గాలి చలిగా ఉంది. కొట్టులోకి తొంగి చూశాడు. చీకటి, ఇసుక, విరిగిన బల్ల. అన్న లేడు. ఎప్పుడూ లేడు. ఏడు నెలలుగా తను అడుగుతున్నది ఒక బోల్టుని. ఇంక మోయలేననిపించింది. చచ్చినవాడు చెప్పకపోతే బతికున్నవాళ్లకైనా చెప్పాలి, వాళ్లు తిట్టినా సరే.

ఫోన్ తీసి అవ్వాద్ భార్యకి చేశాడు. రెండు రింగులకే ఎత్తింది.

"వదినా... ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అన్న చేస్తే చూశాను. కట్ చేశాను."



"తెలుసు," అందామె.

మిత్లక్ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు.

"నీకు చేశాక మీ అన్న నాకు చేశాడు. 'వాడు కట్ చేశాడు, పాపం అలిసిపోయుంటాడు, పడుకోనీ' అన్నాడు. నేను లేచి నీ గది తలుపు దాకా వచ్చాను మిత్లక్... కొట్టకుండా వెనక్కి వెళ్లిపోయాను."