అయస్కాంతాన్ని పలకరించిన రాయి

బావను గనిలో సజీవంగా పూడ్చిన విదేశీ ముఠాయే ఈ హాల్లో బాంబు పెట్టింది. ఏజెంట్ డేగకు అంతకుమించి బ్రీఫింగ్ అక్కర్లేదు.

ఖనిజాల ప్రదర్శన. తెల్లకోటు, పెట్టుడు మీసం: డేగ ఇప్పుడు క్యూరేటర్. ఎదుట బల్లమీద సిడరైట్ రాళ్ళ వరుస. జనంలో ఎక్కడో రిమోట్ పట్టుకున్న ముఠా మనిషి. హాలు ఖాళీ చేయిస్తే నొక్కేస్తాడు. శాంతి ఒప్పందానికి వచ్చిన ప్రతినిధులు అడుగుపెట్టినా నొక్కేస్తాడు.

"వీటిలో ఒకటి బోలు, బాంబు అందులోనే. ఏదో నాకు చెప్పలేదురా," అంది అక్క. నల్ల సిల్కు గౌనులో మెరుపుతీగలా ఉంది. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

చెవిలో చీఫ్ గొంతు: "నమ్మకు. మొగుడు చస్తాడని తెలిసీ నోరు మెదపలేదావిడ. రాయి దొరక్కపోతే ద్రోహి ఆవిడే. అరెస్టు ఉండదు, బుల్లెట్టే."

డేగ మెడ వెనక తడిమట్టి వాసన. ఏడాదిగా వెంటాడుతున్న బావ గొంతు.

"సిడరైట్ అంటే ఇనుప కార్బొనేట్ బావమరిదీ. బొగ్గు పొరల పక్కన, బంకమట్టిలో ముద్దలుగా పుడుతుంది. గాలి తగిలితే తుప్పురంగు. ఒళ్ళంతా ఇనుమే, అయినా మామూలు అయస్కాంతం మొహం చూడదు. నిప్పుల్లో కాలిందా, ఇక వదలదు."

కాలడం! మూత అతకడానికి ముఠావాళ్ళు గ్యాస్ టార్చ్ వాడే ఉంటారు.

జనానికి కనిపించకుండా అక్క అడ్డంగా నిలబడింది. డేగ అయస్కాంతపు పెన్ను తీశాడు. మొదటి రాయి ఉలకలేదు, పలకలేదు. తర్వాతివీ అంతే. తలుపు అవతల ప్రతినిధుల బూట్ల చప్పుడు. చివరి రాయికి పెన్ను టక్కున అతుక్కుంది.

గోటితో గీరాడు. గోధుమరంగు పూత ఊడింది, కింద మాడిన నలుపు. మూత పెకలించి వైరు తెంపాడు. తలుపులు తెరుచుకున్నాయి.

స్తంభం పక్కన ఒకడు జేబులో చెయ్యి పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. అక్క వాడి నడుముకు పిస్తోలు ఆనించింది. "నొక్కు నాయనా, వేళ్ళకి వ్యాయామం."

"రాయి గుట్టు ఎవరు చెప్పారు?" అడిగాడు చీఫ్.

"బావ, సర్."

అక్క మొహం పాలిపోయింది.

"గనిలోకి వెళ్ళొద్దని ఒక్క మాట చెప్పుంటే బతికేవాడు. చెబితే ముఠాకు దొరికిపోతానని ఆగిపోయాను," అంది. "నా గురించి ఏమన్నా అడిగాడా?"

డేగ తల అడ్డంగా ఊపాడు.

అక్క పిస్తోలు పర్సులో పడేసింది. "బతికున్నప్పుడూ ఇంతే. నా మీద కోపమొస్తే నీతోనే మాట్లాడేవాడు."