ఎడమ బూటులో ఆర్కిటిక్

"శుక్రవారం ఒంటిగంటకి సంతకాలు. ఆలోపు చిప్ మన చేతికి రావాలి," అన్నాడు చీఫ్ సుందర్‌రాజు, గల్ఫ్‌లోని అద్లియాలో ఓ కాఫీ షాపు వెనక గదిలో.

ఏజెంట్ జయకర్‌కి పని నచ్చింది. తర్వాతి మాటే నచ్చలేదు.

"లీడ్ థామస్. నువ్వు డ్రైవర్."

మళ్ళీ థామసే. మూడు మిషన్లుగా చెమట జయకర్‌ది, మెడల్ థామస్‌ది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఐస్‌బెల్ట్ అనే విదేశీ ముఠా ఆర్కిటిక్‌లో హైవే వేస్తామంటూ మన ఇన్వెస్టర్లకి దొంగ రిపోర్టు అంటగడుతోంది. అక్కడి నేల వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న పర్మాఫ్రాస్ట్. నల్ల తారు ఎండని పీలుస్తుంది. రోడ్డు మీంచి పక్కకి తోసిన మంచు రజాయిలా కప్పేసి, చలికాలంలో కూడా నేలని చల్లబడనివ్వదు. లోపలి ఐసు కరిగితే రోడ్డు కుంగుతుంది, పక్కనున్న పైప్‌లైన్ తెగి ఆయిల్ నదిలోకి పారుతుంది. రిపోర్టులో నేల మైనస్ ఆరు డిగ్రీలు. అసలు రీడింగు మైనస్ సున్నా పాయింట్ నాలుగు, అంటే కరగడానికి అడుగు దూరం.

సంతకాలు పడితే అవాలి దగ్గర క్యాంపులో ఉన్న నాలుగు వందల మంది మన కూలీలని ఆ రోడ్డు పనికి పంపుతారు. డ్రైవర్ వేషంలో జయకర్ రోజూ వాళ్ళ బస్సే నడుపుతున్నాడు.

అసలు రీడింగుల చిప్ స్టెల్లా దగ్గరుంది. పైకి ముఠా నాయకుడి సెక్రటరీ, లోపల మన మనిషి. ఆమె జయకర్‌తో ఇంతవరకు మాట్లాడిన మాటలు ఇరవై దాటవు. అవన్నీ అతనికి కంఠతా వచ్చు.

శుక్రవారం ఉదయం తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌కి ముగ్గురూ వచ్చారు. గుమ్మం బయట నూట యాభై జతల చెప్పులు, బూట్లు. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర స్టెల్లా నవ్వుతూ థామస్ చేతిలో టిఫిన్ బాక్సు పెట్టింది. ముఠా మనిషొకడు కిటికీలోంచి చూస్తున్నాడు. జయకర్ మాత్రం ఆ నవ్వునే చూశాడు.

అసూయతో ఒళ్ళు తెలియలేదు. బయటికొచ్చి, తన మాసిన బూట్లు అక్కడే వదిలి, తళతళలాడే థామస్ ఇటాలియన్ బూట్లు తొడుక్కుని కారెక్కాడు. ఇద్దరిదీ తొమ్మిదో నంబరే. కాసేపటికి థామస్ మాసిన బూట్లతో వచ్చి, ఎవడో తనవి కొట్టేశాడని, మిగిలినవి వేసుకొచ్చానని తిట్టుకున్నాడు.

"పాపం," అన్నాడు జయకర్.

పన్నెండూ యాభై రెండు. మనామాలో హోటల్. కన్సల్టెంట్ వేషంలో థామస్ లోపల, జయకర్ పార్కింగులో. చెవిలోని ఇయర్‌పీస్‌లో థామస్ గుసగుసలాడాడు. చిప్ కోసం వెతికితే టిఫిన్‌లో పులిహోర తప్ప ఏమీ లేదట.

జయకర్‌కి నవ్వొచ్చింది. అప్పుడే ఫోన్‌కి స్టెల్లా మెసేజ్ వచ్చింది.

"టిఫిన్ వాళ్ళ కళ్ళు కప్పడానికి. చిప్ నీ ఎడమ బూటులో, లోపలి అట్ట కింద. థామస్‌ని కాదు, నిన్ను నమ్మాను."

గుండె ఎగిరి గంతేసింది. మరుక్షణం కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఇటాలియన్ తోలు.

ఒక్క మాట చెబితే చిప్ బయటపడుతుంది, పేరు మళ్ళీ థామస్‌కే పోతుంది. పరుగెత్తుకెళ్ళి తనే తీస్తే? గేటు దగ్గరే ఆపేస్తారు. పన్నెండూ యాభై ఎనిమిది. నిన్న బస్సులో కూలీ వెంకటి అడిగిన మాట గుర్తొచ్చింది. "జయకర్ భాయ్, ఆడ మస్తు సలి అంటున్రు. సెటర్ కొనుక్కోవాల్నా?"

జయకర్ పళ్ళు నూరాడు.

"థామస్, ఎడమ బూటు విప్పు. అట్ట కింద చూడు."

లోపల పెన్ను కాగితానికి తగలబోతుండగా, థామస్ పెట్టిన చిప్‌తో ప్రొజెక్టర్ మీద అసలు గ్రాఫ్ పడింది. ఇన్వెస్టర్ పెన్నుకి మూత పెట్టేశాడు. ముఠా మెట్ల దగ్గరే దొరికిపోయింది.

సాయంత్రం స్టెల్లా జయకర్ పాదాల వైపు చూసి, "థామస్‌వి వేసుకోకుండా నీ బూట్లు నువ్వే వేసుకోవలసింది," అంది. ఇది ఇరవై ఒకటో మాట.

ఇప్పుడు జయకర్ ఎడమ బూటు హెడ్‌క్వార్టర్స్‌లో గాజు పెట్టెలో ఉంది. కింద రాసిన పేరు థామస్‌ది.